ఈసారి క్రిస్మస్ ఊళ్ళోనే: నలభై మంది వస్తున్నారు, ఏర్పాట్లు ఎలా?

రేపల్లె రైలు | 8 నవంబరు 2025

అందరికీ నమస్కారం. ఈ ఏడాది డిసెంబరు 25 గురువారం వచ్చింది. తెలంగాణలో 26 కూడా సెలవే కాబట్టి శని, ఆదివారాలు కలుపుకుంటే నాలుగు రోజులు దొరుకుతున్నాయి. అన్నదమ్ములం, అక్కచెల్లెళ్ళం పిల్లాపాపలతో రేపల్లె దగ్గర మా ఊళ్ళో కలవాలని నిర్ణయించుకున్నాం. మా ఆఫీసు స్నేహితులవి రెండు కుటుంబాలు కూడా వస్తామన్నాయి. వాళ్ళు హిందువులు, పల్లెటూరి క్రిస్మస్ ఎప్పుడూ చూడలేదు. మొత్తం లెక్క నలభైకి చేరింది.

ఎవరికీ శ్రమ లేకుండా 24 రాత్రి పలహారం, 25 మధ్యాహ్నం భోజనం, పిండివంటలు అన్నీ క్యాటరింగ్‌కు ఇచ్చేద్దామని నా ఆలోచన. అమ్మతో ఆ మాట అన్నాను. "అరిసెలు కూడా కొనుక్కొచ్చే పండుగ నాకొద్దు" అని ఫోను పెట్టేసింది. ఆవిడకు అరవై ఎనిమిదేళ్ళు, మోకాళ్ళ నొప్పులు. ఇంతమందితో పండుగ చేసిన అనుభవం ఉన్నవారు సలహా చెప్పండి.

గరిటె తిప్పే అక్క | 8 నవంబరు

తమ్ముడూ, నాది మీ అమ్మగారి పక్షమే, కానీ ఒక షరతు మీద. "ఇంట్లోనే చేయాలి" అని ఎవరన్నా సరే, నేను వెంటనే "ఎవరు చేయాలి?" అని అడుగుతాను. మా అత్తగారింట్లో ఏళ్ళ తరబడి ఒకటే తంతు. 22 నుంచి ఆడవాళ్ళం పొయ్యి దగ్గర, మగవాళ్ళు అరుగు మీద. తెల్లవారుజామున ఆరాధనకు వెళ్ళి కూర్చుంటే ప్రసంగం మొదలయ్యేసరికి నాకు కళ్ళు మూతలు పడేవి. పండుగ ఎవరికి జరిగిందో నాకు అర్థమయ్యేది కాదు.

అందుకని మేము పద్ధతి మార్చాం. 25 భోజనం వంటవాళ్ళకు ఇస్తాం. పిండివంటలు మాత్రం ఇంట్లోనే, అదీ అందరి చేతా. నలభై మందికి బిర్యానీ కొనుక్కోవచ్చు, అందులో తప్పేమీ లేదు. అరిసెల దగ్గర కూర్చుని చెప్పుకునే కబుర్లు ఏ క్యాటరింగ్ వాడూ తీసుకురాడు.

అరిసెల పని విడమరిచి చెబుతాను, పంచుకోవడం తేలిక. బియ్యం ఒక పగలూ ఒక రాత్రీ నానాలి, మధ్యలో నీళ్ళు మార్చాలి. వడకట్టి, తడి ఆరకముందే మర పట్టించాలి. తడి బియ్యం పట్టడానికి అన్ని మరల వాళ్ళూ ఒప్పుకోరు, ముందే మాట్లాడి పెట్టుకోండి. పట్టిన పిండిని గిన్నెలో అదిమి, తడిగుడ్డ కప్పాలి. కిలో బియ్యానికి ముప్పావు కిలో బెల్లం వేస్తాం మేము. పళ్ళెంలో నీళ్ళు పోసి పాకం చుక్క వేస్తే మెత్తని ఉండ కట్టాలి. ఉండ గట్టిగా వస్తే అరిసెలు రాళ్ళవుతాయి, కట్టకపోతే నూనెలో విచ్చిపోతాయి. ఆ క్షణం పట్టుకోవడం మీ అమ్మగారి వంతు, ఆవిడను కుర్చీ వేసి కూర్చోబెట్టండి. పాకంలో పిండి పోస్తుంటే తెడ్డు తిప్పడానికి చేతి బలం కావాలి, అది మీ అన్నదమ్ముల పని. నూనెలోంచి తీసిన అరిసెను రెండు చెక్కల మధ్య నొక్కడం మీ బావగార్లకు అప్పజెప్పండి. మా బావగారు మొదటి ఏడాది సణిగారు, ఇప్పుడు చెక్కలు ఇంకెవరికీ ఇవ్వరు.

పాత సుద్దముక్క | 9 నవంబరు

అమ్మాయి బాగా చెప్పింది. మాది నరసాపురం వైపు, బడిలో పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి.

నాయనా, మీరు ఎవరు ఏమి వండాలన్న దగ్గరే ఆగిపోయారు. 25 ఒక్కటే పండుగ అనుకుంటే ఎటూ మిగిలేది భోజనమే. 24 రాత్రి దిగి, 25 తిని, 26 పడుకుని, 28 బస్సెక్కేదానికి ఊరిదాకా ఎందుకు? కుదిరినవాళ్ళను 22కే రమ్మనండి. పిల్లల చేత నక్షత్రం కట్టించండి. వెదురు బద్దలు ఐదు చీల్పించి, కొసలు దారంతో బిగించి, మైదా బంకతో రంగు కాగితం అతికిస్తే చాలు. మా చిన్నప్పుడు లోపల చిన్న దీపం పెట్టేవాళ్ళం, గాలి తిరిగితే నక్షత్రం మొత్తం అంటుకునేది. ఇప్పుడు చిన్న ఎల్‌ఈడీ బల్బు ఉంది కదా, భయం లేదు. బజారులో మడత విప్పితే తయారయ్యే నక్షత్రాలు దొరుకుతాయి, నేను కాదనను. కానీ తన చేత్తో వంకరగా కట్టిన నక్షత్రం గెడకర్ర మీదికి ఎక్కుతుంటే పిల్లవాడి మొహం చూడాలి.

ఇక క్యారల్స్. మందిరం కుర్రవాళ్ళు ఇల్లిల్లూ తిరిగే రాత్రి మీ వాళ్ళు ఊళ్ళో ఉండాలి. హార్మోనియం, తబలా, కంజీరలతో పాతిక మంది అర్ధరాత్రి వాకిట్లోకి వచ్చి పాట ఎత్తుకుంటే నిద్రలో ఉన్నవాళ్ళు దుప్పటి కప్పుకునే బయటికి వస్తారు. వచ్చినవారికి టీ, నాలుగు అరిసెలు, కానుక సంచిలో ఎంతో కొంత. మీ స్నేహితులు చూడాల్సిన క్రిస్మస్ అదే.

రాత్రి డ్యూటీ | 9 నవంబరు

మాస్టారు గారు, మన్నించాలి. నేనూ మందిరానికి వెళ్ళేదాన్నే, విశాఖలో నర్సుగా పని చేస్తున్నాను. హార్మోనియం, కంజీర అంటే నాకూ ఇష్టమే. ఇప్పుడు మా వీధిలోకి వచ్చేది ఆటో మీద కట్టిన సౌండ్ బాక్సులు. రాత్రి ఒంటిగంటకు కిటికీ అద్దాలు అదురుతాయి. కింద వాటాలో గుండె ఆపరేషన్ అయిన పెద్దాయన ఉన్నారు. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బహిరంగంగా లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. పండుగలకు ప్రభుత్వం సడలింపు ఇచ్చినా అర్ధరాత్రి 12 వరకే, అదీ ఏడాదికి 15 రోజులకు మించకుండా. వినాయక చవితి పందిళ్ళకు ఈ రూలు గుర్తుచేసే మనం, మనదాకా వచ్చేసరికి "దేవుని పాటలే కదా" అంటే ఎలా?

పాత సుద్దముక్క | 9 నవంబరు

అమ్మా, నువ్వు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. నేను చెప్పిన క్యారల్స్‌లో మైకు లేదు. గొంతు చాలనివాళ్ళకే మైకు కావాలి.

డాలస్ చలి | 9 నవంబరు

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి, నేను క్రైస్తవుణ్ణి కాదు. అమెరికాలో మా తెలుగు స్నేహితుల గుంపుకు డిసెంబరు చివరివారమే అసలైన సెలవులు. దసరాకూ సంక్రాంతికీ ఇక్కడ సెలవు ఉండదు, పిల్లలకు బడి ఉంటుంది. అందుకని ఏడాదికోసారి ఐదారు కుటుంబాలం ఒక ఇంట్లో చేరేది క్రిస్మస్‌కే. ఒకరు పులిహోర, ఒకరు గోంగూర మాంసం, ఒకరు కేకు. సాయంత్రం కార్లలో పిల్లల్ని ఎక్కించుకుని వీధుల్లో దీపాల అలంకారాలు చూపిస్తాం. 25న దుకాణాలు దాదాపు అన్నీ మూసి ఉంటాయి. పెరుగు అయిపోతే ఆ రోజుకు ఇక అంతే, 24 మధ్యాహ్నానికే అన్నీ సర్దుకోవాలి.

నలభై మంది అంటున్నారు కాబట్టి అనుభవంతో ఒక మాట. ఎవరు ఏమి తేవాలో ముందే కాగితం మీద పెట్టండి. లేకపోతే అందరూ పులిహోరే తెస్తారు.

పక్కవాటా | 10 నవంబరు

సికింద్రాబాదులో మా పక్కవాటా వాళ్ళు క్రైస్తవులు. వాళ్ళ క్రిస్మస్‌కు మేము, మా సంక్రాంతికి వాళ్ళు. రేపల్లె రైలు గారు, మీ స్నేహితులు హిందువులు అన్నారు కదా. వాళ్ళలో ఎవరైనా అయ్యప్ప మాలలో ఉన్నారేమో కనుక్కున్నారా? మండల పూజ డిసెంబరు చివరి వారంలోనే వస్తుంది, కొందరు మకరజ్యోతి దాకా దీక్షలో ఉంటారు. డిసెంబరు 16 నుంచి ధనుర్మాసం, ఆ నెలంతా మాంసం ముట్టని ఇళ్ళూ ఉన్నాయి. నేను మాలలో ఉన్న ఏడాది పక్కింటి ఆంటీ నాకు వండిన పదార్థం ఏదీ పెట్టలేదు. ఒక పళ్ళెంలో అరటిపళ్ళు, బత్తాయిలు, కొబ్బరికాయ పెట్టి ఇచ్చారు. "తిను నాయనా, తినకపోతే నా పండుగ ఎట్లా?" అని నన్ను ఇరకాటంలో పెట్టకుండా ముందే ఆలోచించిన ఆ పళ్ళెం నాకు ఇప్పటికీ గుర్తే.

కేకు సంగతి కూడా. గుడ్డు వేయని కేకు ఒకటి విడిగా ఉంచి, దాని కత్తి కూడా విడిగా పెట్టండి. కత్తి సంగతి చాలామందికి తట్టదు.

రేపల్లె రైలు | 10 నవంబరు

ఇది నాకు అస్సలు తట్టలేదు. ఇప్పుడే ఫోను చేసి అడిగాను. ఒకాయన మాల వేసుకోబోతున్నారట! వండిన పదార్థాలు వద్దు, పళ్ళు చాలన్నారు. పక్కవాటా గారికి వేల ధన్యవాదాలు.

మాస్టారు గారు, 22కే రమ్మని అన్నయ్యకు చెప్పాను. ఆయన చెన్నై నుంచి రావాలి, రైలు టికెట్లన్నీ వెయిటింగ్‌లోనే కనిపిస్తున్నాయి.

మెదక్ మబ్బు | 10 నవంబరు

దొరకవు మరి. నిరుడు నవంబరు 1 నుంచి రైల్వేలో ముందస్తు రిజర్వేషన్ గడువు 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గింది. డిసెంబరు 22 టికెట్లు అక్టోబరులోనే తెరిచారు. ఇక మిగిలింది తత్కాల్, లేదా బస్సు. వచ్చే ఏడాదికైనా క్యాలెండర్‌లో రాసి పెట్టుకోండి.

మీ స్నేహితులకు ఇంకొకటి కూడా చూపించండి. మా మెదక్ చర్చి. మిషనరీ పోస్నెట్ దొరగారు కరువు రోజుల్లో జనానికి పని కల్పించి కట్టించారని మా తాతల కాలం నుంచి చెప్పుకుంటాం. 1914లో మొదలై 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది, అంటే నిరుటి క్రిస్మస్‌కు నూరేళ్ళు నిండాయి. గోపురం 175 అడుగులు. లోపల మూడు పెద్ద రంగుటద్దాల కిటికీలు ఉంటాయి. ఒకదాంట్లో క్రీస్తు జననం, ఒకదాంట్లో సిలువ, ఒకదాంట్లో ఆరోహణం. అవి లోపలి దీపాలతో వెలిగేవి కావు, బయటి ఎండ పడాలి. చీకటి పడ్డాక వెళ్ళి "ఏమీ కనిపించలేదే" అనేవాళ్ళు ప్రతి ఏడాదీ ఉంటారు.

అయితే 25న మాత్రం తీసుకెళ్ళకండి. తెల్లవారుజాము ఆరాధన నుంచే ఇసుక వేస్తే రాలని జనం. భక్తితో వచ్చేవాళ్ళకు ఆ రద్దీ కూడా పండుగే, చూడ్డానికి వచ్చేవాళ్ళకు మాత్రం మెడలు పట్టేయడమే మిగులుతుంది. హైదరాబాదు నుంచి వంద కిలోమీటర్ల లోపే కదా, డిసెంబరు మొదటి వారంలో ఒక శనివారం పొద్దున్నే బయలుదేరండి.

రాత్రి డ్యూటీ | 11 నవంబరు

డిసెంబరు మొదటి వారం అంటే గుర్తొచ్చింది. ఈ సెమీ క్రిస్మస్‌ల గురించి ఎవరూ మాట్లాడరేమిటి? డిసెంబరు ఒకటి నుంచి మొదలు. ఆఫీసులో ఒకటి, పిల్లల బడిలో ఒకటి, అపార్టుమెంటులో ఒకటి, మందిరంలో స్త్రీల సమాజానికి ఒకటి, యువకులకు ఇంకొకటి. ప్రతి చోటా కేకు, క్రిస్మస్ తాత, చిన్నపిల్లల నాటిక. 25 వచ్చేసరికి పిల్లలకు కేకు మొహం మొత్తుతుంది.

గరిటె తిప్పే అక్క | 11 నవంబరు

దీనికి మాత్రం నేను ఒప్పుకోను. 25న పక్క మతాల వాళ్ళు మన ఇంటికి వస్తే ఏ పది నిమిషాలో కూర్చుంటారు, మనకూ వాళ్ళతో మాట్లాడే తీరిక ఉండదు. సెమీ క్రిస్మస్ నాడు మా వీధి వాళ్ళంతా వస్తారు, ప్రేమ విందులో పక్కపక్కన కూర్చుని తింటారు. ఆసుపత్రుల్లో పనిచేసే నీలాంటి వాళ్ళకు 25న సెలవు దొరకకపోతే ఆ ఏడాదికి మిగిలే పండుగ కూడా అదే కదమ్మా.

రాత్రి డ్యూటీ | 11 నవంబరు

ఈసారి కూడా 24 రాత్రి డ్యూటీ నాకే పడింది. ఆ ఒక్క మాటతో నా నోరు కట్టేశారు అక్కా. కేకు విషయంలో మాత్రం తగ్గను.

ముగ్గురు రాజులు | 12 నవంబరు

మాది ఫిరంగిపురం వైపు, కథోలికులం. ఇంతసేపూ ఒక్కరు కూడా యేసు పుట్టిన పశువుల పాకను ఇంట్లో కట్టడం ఊసెత్తలేదు! 1223లో ఇటలీలోని గ్రెచ్చోలో అస్సీసీ పునీత ఫ్రాన్సిస్ వారు నిజమైన ఎద్దునూ గాడిదనూ నిలబెట్టి పాక కట్టించారు. అప్పటి నుంచి వస్తున్న ఆచారం ఇది. రేపల్లె వైపు కొత్త వరిగడ్డికి కొదవేముంది? పది రోజుల ముందు మూకుళ్ళలో రాగులు చల్లి, రోజూ తడుపుతూ ఉంటే పండుగకు పచ్చని గడ్డి వస్తుంది. దాన్ని పాక ముందు పెడితే పొలంలాగే కనిపిస్తుంది.

మా ఇంట్లో తొట్టెను 24 అర్ధరాత్రి దాకా ఖాళీగానే ఉంచుతాం. పూజ నుంచి వచ్చాక అందరికంటే చిన్నపిల్లవాడు బాలయేసు స్వరూపాన్ని తెచ్చి పడుకోబెడతాడు. ఆ పిల్లవాడు నిద్రపోకుండా ఉండటమే పెద్ద సమస్య. నిరుడు మా తమ్ముడి కొడుకును భుజాన వేసుకుని, నిద్రలోనే వాడి చేత పెట్టించాం. పొద్దున్న లేచి "నేను పెట్టలేదు, మళ్ళీ పెడతాను" అని ఏడుపు. మళ్ళీ బొమ్మను తీసి, దీపాలు ఆర్పి, అర్ధరాత్రి అయిందనుకొమ్మని చెప్పి పెట్టించాం. జనవరిలో ముగ్గురు రాజుల పండుగ దాకా పాక తీయం.

ఎడారి మల్లె | 13 నవంబరు

అందరికీ వందనాలు. కువైట్‌లో ఒక ఇంట్లో పనిచేస్తున్నాను, మాది రాజంపేట దగ్గర పల్లె. ఇక్కడ క్రిస్మస్‌కు సెలవు లేదు. వారపు సెలవు శుక్రవారం కాబట్టి మన తెలుగు ఆరాధనలు ఆ రోజే జరుగుతాయి. ఈ ఏడాది 26 శుక్రవారం వచ్చింది, అందరికీ సంతోషంగా ఉంది. మా యజమానురాలు ఆ రోజు మూడు గంటలు బయటికి పంపుతానని మాట ఇచ్చింది. ఇళ్ళలో పనిచేసే వాళ్ళందరికీ అది దొరకదు.

ఊళ్ళో తెల్లవారుజామున ఐదుకు ఆరాధన మొదలైతే నాకు రాత్రి రెండున్నర. ఫోను దిండు కింద పెట్టుకుని వింటాను. ఒక సంగతి అడగాలని రాస్తున్నాను. మా నాన్న ఈ వేసవిలో పోయారు. ఏడాది తిరగలేదని అమ్మ ఈసారి పొయ్యి మీద మూకుడు పెట్టనంటోంది. నా పిల్లలిద్దరూ అమ్మ దగ్గరే ఉన్నారు. వాళ్ళకు కొత్త బట్టలకు డబ్బు పంపాను. పిండివంటలు లేకుండా పిల్లలు ఎట్లా ఉంటారో అని మనసు ఒప్పడం లేదు. అమ్మను బలవంతపెట్టడం తప్పు కదా?

గరిటె తిప్పే అక్క | 13 నవంబరు

చెల్లీ, బలవంతపెట్టవద్దు. మనిషి పోయిన ఏడాది ఆ ఇంట్లో మూకుడు పెట్టకపోవడం మన వైపు కూడా ఉంది, ఆవిడ మనసు అలా ఉంటే అలాగే ఉండనివ్వు. ఇలాంటి ఇంటికి చుట్టాలు, ఇరుగుపొరుగు తెచ్చి ఇవ్వడం కూడా మన ఆచారమే. మీ పిన్ని గానీ మేనత్త గానీ ఊళ్ళో ఉంటే నువ్వే ఫోను చేసి చెప్పు. అడగడానికి మొహమాటపడకు. వాళ్ళు నువ్వు అడగాలనే ఎదురుచూస్తూ ఉంటారు. పిల్లల్ని ఆ రోజు వాళ్ళింటికి పంపి, అరిసెలు నొక్కే దగ్గర కూర్చోబెట్టమను.

పాత సుద్దముక్క | 13 నవంబరు

మందిరంలో అయ్యగారికి కూడా ఒక మాట చెప్పించమ్మా. క్యారల్స్ వాళ్ళు మీ ఇంటి ముందు ఆగాలి. దుఃఖం ఉన్న ఇల్లని దాటిపోతుంటారు కొందరు తెలియక. ఒక ప్రార్థన చేసి, నెమ్మదిగా ఒక పాట పాడి వెళ్ళమను. టీ పెట్టే పని మీ అమ్మగారికి పెట్టవద్దని కూడా చెప్పమను.

ఎడారి మల్లె | 14 నవంబరు

మేనత్తకు ఫోను చేశాను. "నువ్వు చెప్పాలా, రెండు డబ్బాలు మీ ఇంటికే అని ఎప్పుడో అనుకున్నాను" అంది. అమ్మతో కూడా మాట్లాడాను, ఏమీ అనలేదు. అక్కకు, మాస్టారికి వందనాలు.

రేపల్లె రైలు | 16 నవంబరు

ఇక మా ఇంటి సంగతి. నిన్న అందరం ఫోనులో కూర్చుని తేల్చుకున్నాం. క్యాటరింగ్ ఒక్క పూటకే, అది కూడా ఊళ్ళోనే పెళ్ళిళ్ళకు వండే మనిషికి ఇచ్చాం. కిలో బియ్యానికి కిలో మాంసం లెక్కన ఐదు కిలోల బిర్యానీ, శాకాహారులకు వేరే పొయ్యి మీద కూరగాయల పలావు, గుత్తివంకాయ. 25 పొద్దున్న గారెలూ కోడికూర మాత్రం ఇంట్లోనే, మూడు కిలోల మినపప్పు నానబెట్టాలని అమ్మ లెక్క. కేకు మా చెల్లెలు చేస్తానంది. మా ఇంట్లో రమ్ము వాడం కాబట్టి ఎండుద్రాక్ష, చెర్రీలు, ఖర్జూరం నారింజరసంలో రాత్రంతా నానబెడుతుందట. గుడ్డు లేనిది ఒకటి, ఉన్నది ఒకటి, కత్తులు రెండు.

అరిసెలు 22 సాయంత్రం. పాకం అమ్మ చూస్తుంది. తెడ్డు నాది, అన్నయ్యది. ఆయనకు బస్సులో సీటు దొరికింది. చెక్కలు బావగారికి అని చెప్పగానే అక్క ఫోనులో చాలాసేపు నవ్వింది. అమ్మ మాత్రం "మీరు పిండి నేలపాలు చేస్తారు, కిలో ఎక్కువే నానబెడతాను" అంది. ఒప్పుకున్నట్టే అనుకుంటున్నాం.

ఒకటి మిగిలింది. పిల్లలు గులాబీ పువ్వులు కావాలంటున్నారు. అమ్మ పాత అచ్చు ఎక్కడో పోయింది, కొత్తది తెచ్చాను. కొత్త అచ్చుకు పిండి అంటుకుపోయి ఊడదంటారు. ఏమి చేయాలి?

గరిటె తిప్పే అక్క | 16 నవంబరు

ముందురోజు రాత్రంతా అచ్చును నూనెలో ముంచి ఉంచు. పొద్దున్న కాగే నూనెలో అచ్చు బాగా వేడెక్కాకే పిండిలో ముంచాలి, చల్లగా ఉంటే పిండి అంటదు. ముప్పావు వంతే మునగాలి. పైఅంచు దాకా మునిగిందంటే పువ్వు అచ్చును పట్టుకుని ఊడిరాదు. మొదటి నాలుగైదు ఎలాగూ ముక్కలవుతాయి, వాటిని పిల్లలకు వేసెయ్. తర్వాతవి అవే జారతాయి. ప్రతి రెండు మూడు పువ్వులకూ పిండిని ఒకసారి కలుపుతూ ఉండండి, చక్కెర అడుగుకు దిగుతుంది.

మెదక్ మబ్బు | 16 నవంబరు

నాలుగు డబ్బాలు హైదరాబాదు వైపు కూడా వస్తాయా, లేక చర్చి చూపించమని సలహా ఇచ్చినవాళ్ళకు ఏమీ లేదా?

రేపల్లె రైలు | 16 నవంబరు

28 రాత్రి రైల్లో వస్తున్నాం. సికింద్రాబాదు స్టేషనుకు వస్తే డబ్బా మీ చేతికే ఇస్తాను. పక్కవాటా గారికి కూడా ఒకటి, అప్పటికి ఆయన మాలలో లేకపోతే.